నరాల బలహీనత అన్నారు, మీటింగ్‌లో చేతులు వణుకుతున్నాయి. రెండూ ఒకటేనా?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకోండి. వయసు 31. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. క్లయింట్ ముందు మాట్లాడాల్సి వస్తే చేతులు వణుకుతాయి, నోరు ఎండిపోతుంది, ఒక్కోసారి వేళ్ళ చివర్లూ పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతుంది. "ఎందుకంత నెర్వస్ అయిపోతావు?" అని మేనేజర్ అన్నారు. పండక్కి ఊరెళ్ళినప్పుడు ఇంటి దగ్గరి ఆర్‌ఎంపీకి చెబితే "నరాల బలహీనత" అని తేల్చి పది ఇంజెక్షన్ల కోర్సు మొదలుపెట్టారు. ఐదు అయ్యాయి. నరాలు బలహీనంగా ఉన్నాయి కాబట్టే నెర్వస్ అవుతున్నానా, మిగతా ఐదూ వేయించుకోవాలా అన్నది మీ సందేహం. చివర్లో ఒక వాక్యం రాసి వదిలేశారు: కుడి చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు రాత్రిళ్ళు మొద్దుబారుతున్నాయని.

ముందు సూటిగా జవాబు. మీటింగ్‌లో వచ్చే ఆ వణుకు నరాలు బలహీనపడటం వల్ల వచ్చేది కాదు. నరాలు చురుగ్గా పనిచేస్తున్నాయి కాబట్టే అది వస్తోంది. "నరాల బలహీనత" అనే పేరుతో ఇవాళ్టి వైద్యంలో ఏ జబ్బూ లేదు. మీరు రాసిన మొత్తంలో నిజంగా నరానికి సంబంధించిందని నాకనిపించేది ఆ చివరి వాక్యమే, చిటికెన వేలి సంగతి. దాన్ని మీరూ పట్టించుకోలేదు, ఇంజెక్షన్లు ఇచ్చినవారూ పరీక్ష చేసినట్టు లేదు.

నేను బెంగళూరులో న్యూరాలజిస్టుగా పనిచేస్తున్నాను. హిందూపురం, మదనపల్లె, కోలార్, ముళబాగిలు వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువగా తెలుగులోనే బాధ చెప్పుకుంటారు. "నరాలు లాగుతున్నాయి", "నరాల్లో సత్తువ లేదు", "నరాలు చచ్చుబడ్డాయి". ఒకే మాట చెప్పిన నలుగురిలో ఒకరిది షుగర్, ఒకరిది వెన్నెముక, ఒకరిది దిగులు, ఇంకొకరిది కాలి సిరల వాపు. మాట ఒకటే కావడంతో మందు కూడా ఒకటే అనుకుంటారు. అక్కడే చాలామందికి నష్టం జరుగుతోంది. అందుకే మీకు అవునో కాదో చెప్పి వదిలేయకుండా కాస్త పొడవుగా రాస్తున్నాను.

మన ఇళ్ళల్లో "నరం" అని దేన్నంటారో చూడండి. సెలైన్ పెట్టేటప్పుడు నర్సమ్మ "నరం దొరకట్లేదు" అంటుంది. ఆమె వెతికేది సిర, అంటే రక్తం గుండెకు తిరిగి వెళ్ళే నాళం. ఎక్కువసేపు నిలబడే వంటవాళ్ళకీ ట్రాఫిక్ పోలీసులకీ కాళ్ళ మీద నీలంగా మెలికలు తిరిగి ఉబ్బే "నరాలు" కూడా సిరలే, వాటికి వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి వెళ్ళాలి. అర్ధరాత్రి పిక్క బిగుసుకుపోతే "నరం మీద నరం ఎక్కింది" అంటాం. అది కండరం పట్టేయడం. కాలి బొటనవేలిని పైకి, మోకాలి వైపు లాగి పట్టుకుంటే నిమిషంలో వదులుతుంది. పొద్దున లేచేసరికి మెడ తిప్పలేకపోతే "మెడ నరం పట్టేసింది" అంటాం. అదీ చాలాసార్లు కండరమే. ఈ కలగాపులగం మన ఒక్కరిదే కాదు. పాతకాలపు గ్రీకులు కూడా నరాన్నీ, కండరాన్ని ఎముకకు కట్టే తాడునూ ఒకే పేరుతో పిలిచేవారు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్ అనే వైద్యులు శవాలను కోసి పరిశీలించాకే నరాల దారి వేరని స్పష్టమైంది.

ఇందులో ఒక్కటి మాత్రం ప్రాణాల మీదికి తెస్తోంది, దాని దగ్గర కాసేపు ఆగుతాను. "మెదడులో నరం చిట్లింది." పేపర్లలో ఇలాగే రాస్తారు, ఇంట్లో ఇలాగే చెప్పుకుంటారు. చిట్లింది నరం కాదు, రక్తనాళం. నరంలో చిట్లి కారడానికి రక్తప్రవాహం లేదు. దీన్ని నేనింత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. నరం చిట్లిందనుకున్న కుటుంబం మిగతావాళ్ళకి "నరాలకు బలం" మాత్రలు కొనిపెడుతుంది. రక్తనాళం చిట్లిందని తెలిసిన కుటుంబం ఇంటిల్లిపాదికీ బీపీ చూపిస్తుంది. మెదడులో అలా రక్తస్రావం కావడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఏళ్ళ తరబడి అదుపులో లేని బీపీ. ఒకావిడ తన భర్తను ఇలాగే పోగొట్టుకుని, తర్వాత కొడుకుని నా దగ్గరికి తీసుకొచ్చింది. "వాళ్ళ నాన్నకి నరాలు వీకు సార్, వీడికీ అదే వచ్చిందేమో" అంది. ఆ అబ్బాయికి ముప్పై నిండలేదు, బీపీ 170 బై 110 ఉంది. చేతి సంచిలో మూడు రకాల విటమిన్ సీసాలు ఉన్నాయి, బీపీ మాత్ర ఒక్కటీ లేదు. కోపం వస్తే "తల నరాలు చిట్లిపోతున్నాయి" అని మనం మామూలుగా అంటాం. అనడంలో తప్పులేదు. తలనొప్పి అలా ఉందని ఎవరైనా అంటే మాత్రం ముందు చేతికి పట్టీ కట్టి బీపీ చూడండి.

ఇక అసలు నరం అంటే ఏమిటో చెబుతాను, అప్పుడు మీ వణుకు సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. మెదడు నుంచి నేరుగా 12 జతలు, వెన్నుపాము నుంచి 31 జతల నరాలు బయటికి వస్తాయి. ఒక్కో నరం లోపల వేలాది సన్నటి పోగులు ఉంటాయి. టెలిఫోన్ కేబుల్ కోసి చూస్తే లోపల రంగురంగుల తీగలు, ఒక్కోదానికీ విడిగా ప్లాస్టిక్ తొడుగు కనిపిస్తాయి కదా, దాదాపు అలాగే. ఆ తొడుగుని మైలిన్ అంటారు. కొన్ని పోగులు కండరానికి ఆజ్ఞ తీసుకెళతాయి. కొన్ని స్పర్శ, నొప్పి, వేడి, చలి కబురు వెనక్కి తెస్తాయి. మరికొన్ని మన ప్రమేయం లేకుండా గుండె వేగం, చెమట, పేగుల కదలిక చూసుకుంటాయి. నరాల్లో అన్నిటికంటే లావైనది పిరుదుల్లోంచి కాలికి దిగే సయాటిక్ నరం, మొదట్లో బొటనవేలంత మందం ఉంటుంది.

నరంలో కబురు ఎంత వేగంగా వెళుతుందో కొలవడం మనిషి తరం కాదని ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అనుకునేవారు. 1850లో జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి నరం మీద కొలిచి చూపించాడు. సెకనుకు సుమారు 27 మీటర్లు తేలింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి చేతిలో మైలిన్ ఉన్న నరాలకు అది సెకనుకు 50 మీటర్ల పైన, కాలిలో 40 పైన ఉంటుంది. తొడుగు లేని నొప్పి పోగుల్లో ఒకటి రెండు మీటర్లే. కాలి వేలు గడపకి కొట్టుకున్నప్పుడు ముందు తగిలినట్టు తెలిసి, ఒక్క క్షణం ఆగి నొప్పి పైకి రావడానికి కారణం ఈ తేడానే.

ఇప్పుడు మీ మీటింగ్ రూమ్‌కి వద్దాం.

మీ పేరు పిలుస్తారు, స్క్రీన్ షేర్ చేయాలి. మెదడు దీన్ని ఆపదగా లెక్కేస్తుంది. వెంటనే సింపథెటిక్ నరాల (మన ప్రమేయం లేకుండా పనిచేసేవాటిలో ఒక రకం) ద్వారా కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథులకు కబురు వెళ్ళి అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, లాలాజలం తగ్గి నోరు ఎండుతుంది, అరచేతులు చెమర్చుతాయి. చేతుల వణుకు కొత్తగా పుట్టేదేమీ కాదు. సెకనుకు 8 నుంచి 12 సార్లు కంటికి కనిపించనంత సన్నగా ప్రతి మనిషి చేతులూ ఎప్పుడూ వణుకుతూనే ఉంటాయి. అడ్రినలిన్ కండరాల మీద పనిచేసి ఆ వణుకుని పెద్దది చేస్తుంది, అప్పుడు కంటికి కనబడుతుంది. మీటింగ్‌కి ముందు టెన్షన్‌లో రెండు మూడు కాఫీలు తాగానని కూడా రాశారు. దర్శినిలో, అంటే ఇక్కడి చిన్న టిఫిన్ హోటల్లో, ఇచ్చే స్ట్రాంగ్ ఫిల్టర్ కాఫీ ఈ వణుకుని ఇంకాస్త పెంచుతుంది. ఆ రోజుల్లో కాఫీ మధ్యాహ్నానికి వాయిదా వేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

మరి వేళ్ళూ పెదవులూ తిమ్మిరెక్కడం? దీనికి చాలామంది భయపడి ఎంఆర్‌ఐ దాకా వెళతారు. టెన్షన్‌లో మనకు తెలియకుండానే ఊపిరి వేగంగా, పైపైన తీస్తాం. దాంతో ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది, రక్తంలో ఆమ్ల క్షార సమతూకం మారుతుంది, నరాలకు అందుబాటులో ఉండే కాల్షియం కాసేపు తగ్గుతుంది. కాల్షియం తగ్గితే నరం ఊరకే స్పందిస్తుంది. ఆ స్పందనే వేళ్ళ చివర్లలో, నోటి చుట్టూ చీమలు పాకినట్టు తెలుస్తుంది. రెండు చేతులకీ ఒకేసారి వచ్చి, పెదవుల చుట్టూ కూడా ఉండి, అరగంటలో పూర్తిగా పోయే తిమ్మిరి దాదాపు ఎప్పుడూ ఊపిరికి సంబంధించిందే. మీ పేరు పిలవకముందే ఊపిరి నెమ్మదిగా వదలడం మీద దృష్టి పెట్టండి. పీల్చడానికి పట్టినంత సమయానికి రెట్టింపు సమయం వదలడానికి పట్టాలి. ఇది రోజూ ఇంట్లో చేసి అలవాటు చేసుకుంటేనే అక్కడ పనికొస్తుంది.

వణుకుకి వేరే కారణాలు లేవని కాదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే వేళ్ళు సన్నగా వణుకుతాయి, బరువు తగ్గుతుంది, గుండె దడ మీటింగ్‌తో సంబంధం లేకుండా ఉంటుంది. కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష ఒకసారి చేయించుకోండి. ఆస్తమా ఇన్‌హేలర్ వాడేవాళ్ళకి కూడా వణుకు వస్తుంది. కాఫీ కప్పు నోటి దాకా తెచ్చేటప్పుడు ప్రతిరోజూ వణికితే, ఇంట్లో పెద్దవాళ్ళకీ అలాగే ఉంటే, అది ఎసెన్షియల్ ట్రెమర్ అనే, కుటుంబాల్లో వచ్చే వణుకు కావచ్చు. ఒక చేయి ఒళ్ళో ఊరికే పెట్టుకున్నప్పుడు వణికి, పని చేయబోతే తగ్గితే పార్కిన్సన్స్ కోణంలో చూడాలి, మీ వయసులో అది అరుదు. మీ వణుకు మీటింగ్ ఉన్న రోజే వచ్చి, మాట్లాడటం మొదలుపెట్టిన ఐదు నిమిషాలకి తగ్గిపోతుందని మీరే రాశారు. ఆ ఒక్క వివరం చాలు.

నరాలు గట్టిగా ఉండటం, మనిషి గట్టిగా ఉండటం వేర్వేరు సంగతులని నా దగ్గరికి వచ్చేవాళ్ళే రోజూ చూపిస్తుంటారు. హిందూపురం నుంచి ఒక పెద్దావిడ వచ్చేది. పాతికేళ్ళ షుగర్. పాదాల నరాలు పరీక్షలో దాదాపు స్పందించడం మానేశాయి, చెప్పు కాలి నుంచి జారిపోయినా ఆవిడకి తెలిసేది కాదు. అయినా పొద్దున్నే బస్సెక్కి ఒంటరిగా మెజెస్టిక్ బస్టాండులో దిగి, సిటీ బస్సు మారి, తన రిపోర్టులు తనే మోసుకుని వచ్చేది. నేను రాసిన మాత్ర ఎందుకో ఏమిటో మూడుసార్లు అడిగి గానీ లేచేది కాదు. అదే వారంలో ఒక కుర్రాడు వచ్చాడు, జిమ్ చేసే ఒళ్ళు. చేతి నరం వేగం సెకనుకు 58 మీటర్లు, వంక పెట్టడానికి లేదు. ఇంటర్వ్యూ అంటే ఒళ్ళంతా చెమటలు. అతనికి కావలసింది నరాల మందు కాదు, భయం గురించి ఓపిగ్గా మాట్లాడే సైకాలజిస్ట్. ఆరు నెలల తర్వాత మాట తడబడకుండా మాట్లాడగలుగుతున్నానని వచ్చి చెప్పాడు.

బెంగళూరులోని నింహాన్స్ ఆస్పత్రి పేరు ఇక్కడ చెప్పాలి. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి ఎంతోమంది అక్కడికి వస్తారు. ఇక్కడి పాత మానసిక ఆస్పత్రినీ, అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థనూ కలిపి 1974లో దాన్ని ఏర్పాటు చేశారు. మెదడు నరాల జబ్బులకూ మనసు బాధలకూ ఒకే ఆవరణలో వైద్యం ఉంది. "నింహాన్స్‌కి వెళ్ళాడంటే పిచ్చి అనుకుంటారు" అని భయపడి, ఆందోళన సమస్యకు "నరాల బలహీనత" అనే పేరు తగిలించుకుని ఏళ్ళు గడిపినవాళ్ళని చూశాను. ఆ పేరు మర్యాదగా వినిపిస్తుంది, సంబంధాలు చూసేటప్పుడు అడ్డు రాదు. కానీ మందు వేరే చోట పడుతుంది. ఆందోళనకు మంచి వైద్యం ఉంది, దానికోసం వెళ్ళడంలో తలవంపులు ఏమీ లేవు. నన్ను మనస్ఫూర్తిగా బాధపెట్టేది ఇదే: తగ్గించగలిగే బాధని పేరుకి భయపడి మోయడం.

అసలు ఈ బలహీనత అనే ఆలోచన కూడా ఒకప్పుడు డాక్టర్లు చెప్పిందే. 1869లో అమెరికా వైద్యుడు జార్జ్ బియర్డ్ అలసట, తలనొప్పి, నిద్రలేమి, దిగులు, లైంగిక సమస్యలు అన్నిటినీ ఒక గాటన కట్టి న్యూరస్తీనియా అన్నాడు. నరాల్లోని శక్తి ఖర్చయిపోయిందని ఆయన సిద్ధాంతం, కరెంటుతో నింపాలని చికిత్స. చాలాకాలం ప్రపంచమంతా ఆ పేరు వాడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో పదో కూర్పు దాకా అది ఉంది. 2022 నుంచి అమల్లోకి వచ్చిన పదకొండో కూర్పులో తీసేశారు. మన గోడల మీద మాత్రం ఇంకా మిగిలింది. రైలు పట్టాల పక్కన కనిపించే "నరాల బలహీనత" ప్రకటనలు చెప్పేది ఎక్కువగా పడకగది సమస్య గురించి. ఆ సమస్య ఉన్నవాళ్ళు సిగ్గుపడకుండా షుగర్, బీపీ చూపించుకుని యూరాలజిస్ట్‌ని కలవాలి. షుగర్ వల్ల అక్కడి నరాలూ రక్తనాళాలూ దెబ్బతినడం నిజంగా జరిగేదే, కాబట్టి గోడ మీది నంబరుకి ఫోన్ చేసి ఆ పరీక్షని వాయిదా వేయకూడదు.

ఇంజెక్షన్ల సంగతి. ఈ కోర్సుల్లో సాధారణంగా ఉండేవి బీ1, బీ6, బీ12 విటమిన్లు. ఎర్రగా కనిపించేది బీ12. బీ12 లోపం ఉన్నవాళ్ళకి ఇది నిజంగా ప్రాణదానం లాంటి మందు, తక్కువ చేసి చెప్పడం లేదు. ఆ తొడుగు, మైలిన్, నిలవడానికి బీ12 కావాలి. అది బొత్తిగా తగ్గితే పాదాల్లో మంటలు, తిమ్మిరి, చివరికి వెన్నుపాము కూడా దెబ్బతింటుంది. పాలు కూడా పెద్దగా తీసుకోని శాకాహారులు, షుగర్‌కి ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు, ఎసిడిటీ మాత్రలు రోజూ మింగేవాళ్ళు, కడుపు ఆపరేషన్ అయినవాళ్ళు దీనికి దగ్గరగా ఉంటారు. మీరు గుడ్డు, మాంసం తింటానన్నారు, వేరే మందులు లేవన్నారు. మీకు లోపం ఉండే అవకాశం తక్కువ.

లోపం లేనివాళ్ళకి "బలం" కోసం ఇచ్చినా పోయేదేముందని అడుగుతారు. పోయేవి ఉన్నాయి. బీ6 అతిగా తీసుకుంటే అదే నరాలను పాడుచేస్తుంది. రోజుకు గ్రాముల లెక్కన బీ6 వేసుకున్న ఏడుగురు నడక తూలే స్థితికి వచ్చారని 1983లో అమెరికా వైద్యులు ప్రచురించారు. అంత కాకపోయినా, నెలల తరబడి రెండు మూడు రకాల మాత్రలు కలిపి వేసుకుంటే మొత్తం ఎంతవుతోందో ఎవరూ కూడి చూడరు. రెండోది, పిరుదు మధ్యలో తప్పు చోట పొడిచిన సూది సయాటిక్ నరానికి తగిలితే పాదం పైకి లేవకుండా వేలాడిపోతుంది. పైభాగంలో, బయటి వైపు వేస్తేనే క్షేమం. మూడోది, కొన్నిచోట్ల విటమిన్‌తో పాటు స్టెరాయిడ్ కలిపి ఇస్తారు. రెండు రోజులు హుషారుగా ఉంటుంది, మందు పనిచేసిందనుకుంటారు. మీకిచ్చిన సీసా మీద ఏం రాసుందో అడిగి తెలుసుకోండి, అది అడిగే హక్కు మీకుంది.

నిజంగా నరం దెబ్బతింటే ఎలా ఉంటుందో చెబుతాను, ఇది చదివే మిగతావాళ్ళకి కూడా పనికొస్తుంది. షుగర్, బీ12, మద్యం వల్ల వచ్చేది పాదాల నుంచి మొదలవుతుంది, రెండు వైపులా సమానంగా మేజోడు తొడిగినంత మేర పైకి పాకుతుంది. నేల మీద దూది పరిచినట్టు ఉంటుంది. నాకు అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: "ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నప్పుడు తూలుతున్నారా?" అవునంటే పాదాల నుంచి కబురు పైకి సరిగ్గా రావట్లేదని, ఇన్నాళ్ళూ కళ్ళే ఆ లోటు పూడుస్తున్నాయని అర్థం. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేకపోవడం, రాత్రి చేతులు విదిలిస్తే గానీ తిమ్మిరి పోకపోవడం కూడా ఇలాంటి గుర్తులే. ఆ చివరిది ఇక్కడి గార్మెంట్ ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసే ఆడవాళ్ళలో ఎక్కువగా చూస్తాను, మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుపోవడం వల్ల వస్తుంది.

వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సినవి వేరే ఉన్నాయి. కాళ్ళ నుంచి మొదలై రోజుల్లో పైకి పాకే బలహీనత గిల్లన్ బారే అనే నరాల జబ్బు కావచ్చు, 2025 మొదట్లో పుణెలో ఒక్కసారిగా ఎక్కువైంది ఇదే, ఊపిరి కండరాల దాకా వెళ్ళగలదు. ఉన్నట్టుండి ఒకవైపు చేయి, కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం స్ట్రోక్. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మొదలైన దగ్గర్నుంచి నాలుగున్నర గంటలే గడువు. నడుం నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం, కూర్చునే చోట స్పర్శ పోవడం కూడా అదే రోజు చూపించాల్సింది.

ఇక మీ చిటికెన వేలు. మోచేయి లోపలి వైపు, ఎముక పక్కన ఒక గాడి ఉంటుంది. అక్కడ దేనికైనా తగిలితే చిటికెన వేలి దాకా షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది, అందరికీ అనుభవమే. ఆ గాడిలో వెళ్ళేది అల్నార్ నరం. చిటికెన వేలికీ, ఉంగరం వేలిలో సగానికీ స్పర్శ ఇచ్చేది అదే. రోజంతా కుర్చీ చేతుల మీదో, టేబుల్ అంచు మీదో మోచేతులు ఆనించి టైప్ చేయడం, రాత్రి మోచేయి పూర్తిగా మడిచి తల కింద పెట్టుకుని పడుకోవడం, గంటల తరబడి ఫోన్ చెవి దగ్గర పట్టుకోవడం, ఈ మూడూ దాన్ని నొక్కుతాయి. మీరు పడుకునే తీరు రాయలేదు గానీ, రాత్రిళ్ళే ఎక్కువ అన్నారు కాబట్టి మడిచి పడుకోవడమే అనుకుంటున్నాను.

ఇంట్లోనే ఒకటి చూసుకోండి. ఒక కాగితం తీసుకుని రెండు చేతుల బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య, వేళ్ళు తిన్నగా ఉంచి పట్టుకోండి. ఇంకొకరిని ఆ కాగితం లాగమనండి. కుడి చేతి బొటనవేలు మాత్రం చివరి కణుపు దగ్గర మడుచుకుపోతుంటే, ఆ నరం కండరానికి ఇచ్చే ఆజ్ఞ కూడా తగ్గుతోందన్నమాట. ఆ రెండు వేళ్ళ మధ్య కండ ఎడమ చేతి కంటే పలచబడిందేమో వెలుతురులో పోల్చి చూడండి. ఈ రెంటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్ట్‌ని కలవండి. తెగిన లేదా బాగా నలిగిన నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. మోచేయి నుంచి వేలి దాకా లెక్కేసుకుంటే ఏడాదికి పైనే పడుతుంది.

చేతి మీద గానీ ఒంటి మీద గానీ స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉందేమో కూడా చూసుకోండి. కుష్టు వ్యాధి క్రిమి నరాల్లోనే కాపురం పెడుతుంది, మోచేతి దగ్గరి ఈ నరమే లావెక్కడం దానికి పెద్ద గుర్తు. చిటికెన వేలు వంకరపోయేదాకా నరాల బలం సూదులు వేయించుకుని, మచ్చ ఎవరూ చూడని కూలీ మనిషిని చూశాను. తొలిరోజుల్లో పట్టుకుంటే ఆరు నెలలో ఏడాదో మందులు వేసుకుంటే సరిపోతుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మీకు ఉండకపోవచ్చు, చూసుకోవడానికి అద్దం చాలు.

మచ్చ, బలహీనత లేకపోతే ముందు ఇలా చేయండి. పడుకునేటప్పుడు తువ్వాలు మోచేయి చుట్టూ వదులుగా చుట్టి టేపు వేయండి, నిద్రలో చేయి పూర్తిగా మడవదు. ఆఫీసులో మోచేయి దేనికీ ఆనకుండా కుర్చీ ఎత్తు సరిచేయండి. ఫోన్‌కి ఇయర్‌ఫోన్ వాడండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో చాలామందికి తగ్గుతుంది.

తగ్గకపోతే నర్వ్ కండక్షన్ టెస్ట్, అంటే నరంలో కబురు వేగం కొలిచే పరీక్ష, చేయించాలి. భయపడాల్సినదేమీ లేదు. చిటికెన వేలి కింద కండ మీద చిన్న బిళ్ళలు అంటించి, మణికట్టు దగ్గర, మోచేతి కింద, మోచేతి పైన చిన్నపాటి కరెంటు తాకిస్తారు. వేలు దానంతట అదే టక్కున కదులుతుంది, స్క్రీన్ మీద గీత పైకి లేస్తుంది. మోచేయి దాటేచోట వేగం పది మీటర్లకు మించి పడిపోతే నొక్కుడు అక్కడే ఉందని తేలుతుంది. డిసెంబర్, జనవరి పొద్దుటిపూట ఇక్కడ చేతులు చల్లబడి ఉంటాయి. చర్మం ఒక డిగ్రీ చల్లబడితే వేగం సుమారు రెండు మీటర్లు తగ్గుతుంది, బాగున్న నరం కూడా జబ్బుగా కనిపిస్తుంది. అందుకని చేయి వెచ్చబరిచాకే చేయమని అడగండి.

మిగతా ఐదు ఇంజెక్షన్లు ఆపేయండి. బీ12 పరీక్ష ఇప్పుడు చేయించినా ఉపయోగం లేదు, ఐదు సూదులు పడ్డాక రక్తంలో ఎక్కువే చూపిస్తుంది. టీఎస్‌హెచ్, షుగర్, మామూలు రక్త పరీక్ష చేయించండి. మీటింగ్ భయం పనికి అడ్డు వస్తోందంటే సైకాలజిస్ట్ దగ్గర కొన్ని సెషన్లు తీసుకోండి. గుండె వేగం తగ్గించే ప్రొప్రనొలాల్ అనే మాత్ర గురించి స్నేహితులు చెప్పి ఉంటారు. ఆస్తమా ఉన్నవాళ్ళకి అది ప్రమాదం, డాక్టర్ రాయకుండా కొనకండి. కాగితం పరీక్షలో ఏం కనిపించిందో, ఇంజెక్షన్ సీసా మీద ఏం రాసుందో ఇక్కడే పెట్టండి. నర్వ్ కండక్షన్ దాకా వెళితే రిపోర్టులో మోచేతికి పైనా కిందా ఉన్న రెండు వేగాలూ రాయండి, చూసి చెబుతాను.